బెరడు లెక్క

క్రీము రంగు రెనో కారు, ముసలిది.
వెనక అద్దం ఒకటి దిగితే మళ్ళీ పైకి రాదు.
అమ్మ దానికి తువ్వాలు అడ్డం కట్టింది.
కిటికీ పక్క సీటు నాదేనని దెబ్బలాడి గెలిచినందుకు
ఎవోరా దాటిన దగ్గర్నుంచీ అది ఉబ్బి ఉబ్బి
నా చెంపనే కొడుతోంది.

నాన్న దారి అడగడు.
అబీలియో అనేవాడు అలెంతేజులో పుట్టి
అలెంతేజులో దారి అడగడమేమిటని పంతం.
అమ్మ నారింజ ఒలిచి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే
తెరుచుకున్న ఆ నోట్లో తొన పెడుతుంది,
"ఇందాక ఎడమకి తిరగాల్సింది" అన్న మాట కూడా
తొనతో పాటే పెట్టేస్తుంది.

గీసిన మర్నాటి గడ్డంలా గోధుమ మోళ్ళు.
తెల్లటి ఇళ్ళ పాదాలకి నీలం పట్టీలు.
కరెంటు స్తంభాల మీద కొంగలు,
ఒక్కో గూడూ ఒక మోపు కట్టెలు.
తర్వాత ఓక్ చెట్లు మొదలయ్యాయి
మనిషెత్తు దాకా ఒలిచేసినవి,
పొక్కు ఊడిన చర్మంలా ఎర్రగా.

"ఈ బెరడే సీసాకి బిరడా" అన్నాడు నాన్న.
మాను మాను మీదా తెల్ల రంగుతో ఒక అంకె,
ఒలిచిన ఏడాదికి చివరి అంకె.
మళ్ళీ తొమ్మిదేళ్ళ దాకా గొడ్డలి తాకకూడదు.

టెల్మోకి కడుపులో తిప్పింది. కారాపారు.
వాడు చక్రం పక్కన వంగి కక్కుతుంటే
నాన్నమ్మ నల్ల గౌను అంచు పట్టుకుని
చెట్లలోకి నడిచింది.
అందుకే వెళ్ళిందనుకుని మేం తలలు తిప్పుకున్నాం.

అందుకు కాదు. మానులు నిమురుతోంది,
సంతలో బేరానికి ముందు ఎద్దుని నిమిరినట్టు.
ఎనిమిది వేసిన చెట్టు దగ్గర ఆగి
లోతుగా దిగిన గాటులో వేలు పెట్టి
"ఎవడో చేతకానివాడు" అంది.
ఇంకోటి. "ఇదీ ఆయన చెయ్యి కాదు."

బెల్మీరో తాత గొడ్డలి పడితే చెట్టుకి తెలిసేది కాదట.
బెరడు ఎక్కడ అయిపోతుందో, చెట్టు ఎక్కడ మొదలవుతుందో
చప్పుడుతో పసిగట్టేవాడట.
(ఇంట్లో మాత్రం ఏ మాటా చూసుకుని విసిరేవాడు కాదని
అమ్మ ఎప్పుడో అంది. ఇవాళ అనలేదు.)

వాగు గట్టున ఒక వంకర చెట్టు. మూడు.
ఒక్క గాటు లేదు.
"ఇది" అంది నాన్నమ్మ. అంతే.
అవునో కాదో చెప్పగలిగినవాడు
ఎనభై నాలుగు ఫిబ్రవరిలో పోయాడు.

టెల్మో మూతి తుడుచుకుంటూ లెక్క కట్టాడు:
"ఎనభై మూడూ తొమ్మిదీ... తొంభై రెండులో మళ్ళీ ఒలుస్తారు.
నాకు పదమూడు, అక్కకి పదిహేను,
నాన్నమ్మకి డెబ్భై తొమ్మి..."
"నన్ను కలపకు" అందామె.
కోపంగా కాదు. ఉప్పు చాల్లే అన్నట్టు.

సముద్రం చెప్పాపెట్టకుండా వచ్చింది.
కాబో సర్దావ్ దగ్గర నేల పుటుక్కున తెగిపోయింది.
కింద నురగలో ఒంటరిగా నిలబడ్డ రాళ్ళ నెత్తిన
అవే కొంగలు, అవే కట్టెల గూళ్ళు,
ఎగరాలా వద్దా అని తటపటాయించే పిల్లలు.
"అంచుకి పోకండి!" అని అమ్మ కేకేసింది
మాకో, వాటికో.
నడుములకి తాళ్ళు కట్టుకున్న మనుషులు
అలకీ అలకీ మధ్య దిగి
రాతి నుంచి గోళ్ళలాంటి గుల్లలు గీకుతున్నారు.
కారు ముందు మూత మీద పరుచుకుని తిన్నాం,
రొట్టె సగం గాలే తిన్నది.

డెబ్భై అయిదేళ్ళకి ఇదే మొదటిసారి ఆమె చూడటం.
చాలాసేపు చూసింది.
ఎలా ఉందమ్మా అని నాన్న అడిగితే
"దీనికి బెరడు లేదు" అంది.
కాసేపాగి, "ఎవరొలిచారో గానీ" అని నవ్వింది,
పంటి సందున నారింజ పీచుతో.

తిరుగు దారిలో చీకటి పడింది.
నాన్నమ్మ తల నా భుజం మీద, బరువుగా, పొయ్యి వాసనేస్తూ.
తువ్వాలు కూడా అలిసిపోయి వేలాడుతోంది.
హెడ్‌లైట్లలోకి అంకెలు ఒక్కొక్కటే వచ్చాయి:
ఎనిమిది, ఎనిమిది, ఒకటి, ఎనిమిది.
వాగు దగ్గర నాన్న గేరు తగ్గించాడు.
దారి తప్పామేమోనని మ్యాపు వైపు చాపిన చెయ్యి
అమ్మ మెల్లిగా వెనక్కి తీసుకుంది.
కొంత దూరం నడక వేగంతోనే పోయాం.
మూడు కనిపించిందో లేదో.
నా కిటికీ అటువైపుది కాదు.